పంచుకునే ముందు ఆ రూపాయల మీద సంవత్సరం చూడండి

"తాతగారి పెట్టెలో పాత వెండి రూపాయలు దొరికాయి, అన్నదమ్ములం పంచుకుందాం అనుకుంటున్నాం, వీటి విలువ ఎంతో ఎలా తెలుస్తుంది?" అని అడిగారు. విలువ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పంపకం ఆపండి.

మా నాయనమ్మ పోయినప్పుడు మా ఇంట్లో జరిగిందీ ఇదే. ఆమె మూటలో విక్టోరియా రాణి రూపాయలు, జార్జి బొమ్మవి, నిజాం కాలం నాటి హాలీ రూపాయలు అన్నీ కలిసి ఉన్నాయి. కర్మకాండ అయిపోగానే మా పెద్దనాన్న అందర్నీ కూర్చోబెట్టి, పేకముక్కలు వేసినట్టు తలా ఒకటి వేసుకుంటూ పోయారు. లెక్క సమానంగా వచ్చింది కాబట్టి న్యాయం జరిగిపోయిందన్నారు. "సంవత్సరాలు చూద్దాం పెద్దనాన్నా" అంటే, "అన్నీ రూపాయలే కదరా" అని నా నోరు మూయించారు.

అన్నీ ఒకటి కాదు. 1939 దాకా వచ్చిన బ్రిటిష్ రూపాయిలో నూటికి 91.7 పాళ్లు వెండి. యుద్ధకాలంలో, 1940 నుంచి, దాన్ని సగానికి దించేశారు. బరువు మారలేదు, అదే పాత తులం, అంటే 11.66 గ్రాములు. చేతిలో పెట్టుకుంటే తేడా తెలియదు. కానీ ముందుదాంట్లో పదిన్నర గ్రాములకు పైగా వెండి ఉంటే, తర్వాతదాంట్లో ఆరు గ్రాములు కూడా ఉండదు. మా మేనత్త వాటాకు దాదాపు అన్నీ ఆ సగం వెండివే వచ్చాయి. పైగా వెనక పులి బొమ్మ ఉన్న 1947 రూపాయిని, "స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదిది, దీనికే డిమాండు" అని మరీ ఆమె చేతిలో పెట్టారు. అది పూర్తిగా నికెల్. అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది. ఆడపిల్ల వాటా దగ్గరికి వచ్చేసరికే మగవాళ్ళకు ఎక్కడలేని అమాయకత్వం ఎందుకొస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా బాబాయి కొడుకుది ఇంకో కథ. వాడికి చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయి వచ్చింది. దాని మీద ఉన్న అంకెలు ఎవరితోనో చదివించుకున్నాడు, 1330 అన్నారట. ఇంకేముంది, ఏడువందల ఏళ్ళ నాటి నాణెం, కోటి రూపాయలు అని కూర్చున్నాడు. చార్మినార్ కట్టిందే 1591లో రా నాయనా అని చెప్పినా వినడు. అది ముస్లింల హిజ్రీ క్యాలెండర్ సంవత్సరం, మన లెక్కలో 1912 ప్రాంతం. చార్మినార్ ద్వారం మధ్యలో ఉన్న చిన్న ఉర్దూ అక్షరం కూడా చూడాలి, ఏ నిజాం నాటిదో చెబుతుంది. 'మీమ్' ఉంటే మహబూబ్ అలీ ఖాన్, 'ఐన్' ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్. వాడిది రెండోది.

ఆ కోటి పిచ్చి పుట్టించేది వీడియోలు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయల బిళ్ళకు లక్షలంటారు. అది 2012 అని ముద్ర వేసి మామూలుగా చలామణికి వదిలిన నాణెం! ఈస్టిండియా కంపెనీ 1818 అని రాసి హనుమంతుడి బొమ్మ ఉన్న బిళ్ళలైతే అసలు నాణేలే కావు. వాటికే బియ్యపు గింజల్ని లాక్కునే 'రైస్ పుల్లింగ్' శక్తి ఉందని చెప్పి ఎంతమందిని ముంచారో. "మీ నాణెం కొంటాం, ముందు ట్యాక్స్ కట్టండి" అని రిజర్వ్ బ్యాంక్ పేరుతో ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. తమకు సంబంధం లేదని ఆ బ్యాంకే 2021లో ప్రకటన ఇచ్చింది.

చివరికి నేనే అందరివీ అడిగి తీసుకుని ఒక నాణేల ప్రదర్శనకు పట్టుకెళ్ళాను. అక్కడ ఒక పెద్దాయన భూతద్దం పెట్టుకుని కూర్చున్నారు. మా పిన్ని తన వాటా చింతపండు, బూడిద పెట్టి తళతళలాడేలా తోమించింది. ఆయన వాటి మీద వేలు రాసి, "తోమారా బాబూ?" అని, సంవత్సరమైనా చూడకుండా తూకం కుప్పలోకి తోసేశారు. నల్లగా మసిబారినవి మాత్రం ఒక్కొక్కటీ అంచులు పట్టుకుని తిప్పి చూశారు. ఒకదాని దగ్గర ఆగిపోయారు. 1911 జార్జి రూపాయి. రాజు అంగీ మీద గొలుసులోని ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవైతే, మరుసటి ఏడాది ఆ బొమ్మ మార్చేశారు. అందుకే సేకరించేవాళ్ళకు 1911 మీద మోజు. కానీ మాదాని అంచున టంకం మచ్చ ఉంది. నాయనమ్మ ఎప్పుడో దండలో గుచ్చుకోవడానికి కొక్కెం అతికించుకున్నట్టుంది. ఆయన నిట్టూర్చి పక్కన పెట్టారు. మిగతా వాటిలో నూటికి తొంభై నాణేలకు వెండి ధరే వస్తుందన్నారు. మీ పెట్టెలోనూ అంతేనని నేను ఇక్కడినుంచే చెప్పగలను.

కాబట్టి మీరు సంవత్సరం వారీగా విడదీయండి. 1940కి ముందువి ఒక కుప్ప, 1940 నుంచి వచ్చినవి ఇంకో కుప్ప. 1939 ఉంటే విడిగా దాచండి. అది అరుదు, నకిలీలూ ఉన్నాయి, తెలిసినవాళ్ళకు చూపించకుండా సంబరపడకండి. ఆన్‌లైన్‌లో అమ్మేవాడు పెట్టిన రేటు చూడకండి, వాడి ఇష్టం వాడిది. వేలం సంస్థలు అమ్ముడైన ధరలు పెడతాయి, మీ నాణెం లాంటిదే, అంతే అరిగినదే ఎంతకు పోయిందో అక్కడ చూడండి. తూకానికి అమ్మాల్సినవి ఆ రోజు వెండి ధర చూసుకుని ఒకటికి రెండు షాపుల్లో అడగండి. మా దగ్గర ఒక నగల వ్యాపారి రూపాయలకు కూడా తరుగు తీస్తానన్నాడు. రాళ్ళు లేవు, లక్క లేదు, దేనికి తరుగని అడిగితే, "మా షాపు రూల్ సార్" అన్నాడు. లేచి వచ్చేశాను.