మీరడిగారు: రెండు వేల రాక్షసులు, ఒక్క తుపాకీ

ప్రశ్న: మా రూమ్మేట్ డూమ్ 2 అనే పాత షూటింగ్ ఆట కోసం ఎవరో అభిమానులు చేసిన మ్యాప్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. తలుపు తెరిస్తే చాలు, స్క్రీన్ నిండా రాక్షసులే, మొత్తం రెండు వేల పైచిలుకు. పది సెకన్లు కూడా బతకట్లేదు. నా గురి మరీ తీసిపారేసేదేం కాదు, ఆన్‌లైన్ షూటర్లు రోజూ ఆడతాను. ఈ పద్మవ్యూహాలు ఎవరు కడతారు, వీటిని ఎలా ఆడతారు?
– ఇంజనీరింగ్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: పద్మవ్యూహమే, ఒప్పుకుంటాను. కాకపోతే అభిమన్యుడికి సేవ్ బటన్ లేదు, మీకుంది. వీటిని స్లాటర్ మ్యాపులు అంటారు. మీ గురికి వచ్చిన లోటేమీ లేదు, అసలు తలుపు తెరవగానే కాల్చడం మొదలుపెడుతున్నారు చూశారూ, అక్కడే పోతోంది ప్రాణం. ఈసారి తుపాకీ జోలికి పోకుండా గోడ వెంబడి పరిగెత్తండి. డూమ్‌లో మీ పరుగు ముందు చాలా రాక్షసులు తాబేళ్ళే, ఒక చుట్టు తిరిగేసరికి మంద మొత్తం మీ వెనకాల పడి మైదానం మధ్యలో ముద్దగా చేరుతుంది, అప్పుడు మీ మీదికి విసిరిన నిప్పుముద్దలు వాళ్ళలో వాళ్ళకే తగులుతాయి. తగిలినవాడు ఊరుకోడు. మిమ్మల్ని వదిలేసి కొట్టినవాడి మీదికి తిరుగుతాడు. మీరు ఇంకో చుట్టు కొట్టండి, చాలు.

దీనికీ పద్ధతి ఉంది. ఇంప్ అనేది ఒక మామూలు రాక్షసుడు, ఒక ఇంప్ విసిరిన నిప్పు ఇంకో ఇంప్‌ను ఏమీ చేయదు, స్వజాతి అభిమానం. అదే పెద్ద కొమ్ముల సైబర్‌డీమన్ వదిలిన రాకెట్ దారిలో ఎవడున్నా వాడి పని అయిపోతుంది. సైబర్‌డీమన్ ప్రాణం 4000 పాయింట్లు. దాని ఒక్కదాన్ని చంపడానికే సగటున 45 రాకెట్లు కావాలి, మీరేమో బ్యాగు దొరికాక కూడా వందకు మించి మోయలేరు. ఇక రెండు వేల మందికి మందుగుండు ఎక్కడ సరిపోతుంది? అందుకే మ్యాప్ చేసినవాడు సైబర్‌డీమన్‌ను మధ్యలో నిలబెట్టాడంటే చాలాసార్లు మీకు అప్పనంగా ఒక ఫిరంగి ఇచ్చినట్టే లెక్క. దాని ముందు అటూ ఇటూ తిరుగుతూ అది మంద వైపు పేల్చేలా చూసుకోండి.

ఒక్కడితో మాత్రం జాగ్రత్త, ఆర్చ్‌వైల్. పాలిపోయిన పసుపు రంగులో, బక్కగా ఉంటాడు. మన శుక్రాచార్యుడి టైపు, చచ్చిన రాక్షసులను లేపేస్తాడు. మీరు అరగంట కష్టపడి పడగొట్టినవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి నడిపించుకొస్తాడు. వాడి మంట తగిలినా మిగతా రాక్షసులు వాడి జోలికి పోరు, కాబట్టి అంతర్యుద్ధం ఇక్కడ పనిచేయదు. స్తంభం చాటుకు వెళ్తే మంట తగలదు, వాడు కనిపించినప్పుడల్లా ముందు వాడి సంగతి చూడండి.

బీఎఫ్‌జీ అనే పెద్ద తుపాకీ గురించి ఒక కిటుకు. ఒక్కో దెబ్బకు 40 సెల్స్, అంటే దాని మందుగుండు, తింటుంది, బ్యాగుతో 600 పడతాయి, అంటే పదిహేను దెబ్బలు. పచ్చ గుండు ఎక్కడో పేలాక, మీరు ఆ క్షణంలో నిలబడ్డ చోటు నుంచి, మీరు కాల్చిన దిక్కుగా, కనిపించని 40 కిరణాలు విసనకర్రలా వెళ్తాయి. అసలు నష్టం వాటిదే. అందుకని కాల్చాక పారిపోకుండా, గుండు పేలే లోపు మంద ముందుకే వెళ్ళి నిలబడాలి. మొదటిసారి చేసినప్పుడు నాకు చెమటలు పట్టాయి, ముప్పై మంది ఒక్కసారిగా కూలేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఎవరు కడతారంటే, మీలాంటివాళ్ళే. 1993 డిసెంబరులో డూమ్ వచ్చినప్పుడే దాని స్థాయిలు, బొమ్మలు, శబ్దాలు అన్నీ ఆట ప్రోగ్రాం నుంచి విడిగా వాడ్ అనే ఫైల్లో పెట్టారు. ‘డేటా అంతా ఎక్కడుంది?’ అనే ఇంగ్లీషు ప్రశ్నకు పొడి అక్షరాలు అవి. ఆ ఫైలు మారిస్తే ఆట మారుతుంది, ఇంక అభిమానులు ఊరుకుంటారా! 1996లో వచ్చిన ఫైనల్ డూమ్‌లోని ప్లుటోనియాలో ‘గో టు ఇట్’ అనే రహస్య స్థాయి ఒకటుంది. డూమ్ 2 మొదటి స్థాయి లాగే మొదలవుతుంది, హాయిగా అడుగు పెడతారు, తర్వాత తెలుస్తుంది. ఈ తరహా మ్యాపులకు అదే ముత్తాత అంటారు. 1997లో ఇద్దరు అభిమానులు చేసిన హెల్ రివీల్డ్ ఆ దారిని రోడ్డు చేసింది. 2009లో మొదలైన సండర్ అనే మ్యాపుల వరస చూడండి, అందులో రాక్షసుల కంటే కట్టడాలు నన్ను ఎక్కువ భయపెట్టాయి. గాలిలో వేలాడే గుడుల్లాంటివి, కింద అగాధం. వాటిని చూస్తూ నిలబడితే మాత్రం చస్తారు.

మొదట తేలిక స్థాయిలో ఆడండి. సిగ్గేం లేదు. అన్నిటికంటే కింది స్థాయిలో దెబ్బ సగమే తగులుతుంది, మందుగుండు రెట్టింపు దొరుకుతుంది.

ప్రశ్న: కొత్త ఆటలు బాగానే నడిచే నా కంప్యూటర్‌లో 2001 నాటి నట్స్ అనే డూమ్ 2 మ్యాప్ పాకుతోంది. గ్రాఫిక్స్ కార్డు మార్చాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: డబ్బులు దండగ. ఆ మ్యాప్‌లో పది వేలకు పైగా రాక్షసులున్నారు, అందం చందం ఏమీ లేదు, ఒక పెద్ద గదిలో గుంపు, అంతే. డూమ్ సెకనుకు 35 సార్లు లెక్క వేసుకుంటుంది, మేలుకున్న ప్రతి రాక్షసుడూ ప్రతిసారీ ఆ లెక్కలోకి వస్తాడు. ఆ పనంతా ప్రాసెసర్‌లో ఒక్క కోర్ మీదే పడుతుంది, మీ ఖరీదైన కార్డు పక్కన కూర్చుని గోళ్ళు గిల్లుకుంటుంది. డూమ్‌ను ఇప్పటి కంప్యూటర్లలో నడపడానికి అభిమానులు చేసిన డీఎస్‌డీఏ-డూమ్ అనే ప్రోగ్రాంలో నడిపి చూడండి, తేడా తెలుస్తుంది. పాత డాస్ డూమ్ అయితే ఒకేసారి 128 బొమ్మలకు మించి గీయలేకపోయేది, మిగతావి కనిపించేవి కావు. 1997 చివర్లో సోర్స్ కోడ్ బయటికి వచ్చాక అభిమానులే ఈ హద్దులన్నీ తీసేశారు.

ప్రశ్న: ఇంటర్ చదివే మా అబ్బాయి రాత్రిళ్ళు కంప్యూటర్‌లో గదులు గీసి వాటిలో రాక్షసులను నింపుతున్నాడు. ఆడటం కూడా కాదు, గీయడమే. టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, రాజమండ్రి

జవాబు: రాత్రిళ్ళు అన్నారే, అది మాన్పించండమ్మా, పగలు గీసుకోమనండి. డూమ్ రక్తం పారే ఆట, చిన్నపిల్లలకు తగదు, ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ళ ముందు వద్దని చెప్పండి. ఇక గీయడం సంగతి. ఒక్కసారి పక్కన కూర్చుని, ఈ తలుపు ఇక్కడే ఎందుకు పెట్టావురా అని అడగండి. ఆడేవాడు ఎటు పారిపోతాడో, ఎక్కడ మందు డబ్బా కోసం వెతుకుతాడో, ఏ మూల ఇరుక్కుంటాడో చెప్పుకుంటూ పోతాడు. చెప్పలేక నీళ్ళు నమిలితే మాత్రం ఊరికే కాపీ కొడుతున్నాడని అర్థం.

ప్రశ్న: డూమ్ 2 కొనకుండా ఈ మ్యాపులు ఆడే దారి ఉందా? దొంగ కాపీ వద్దు.
– డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఉంది. ఫ్రీడూమ్ అని పూర్తిగా ఉచితం, చట్టబద్ధం. అందులో రెండో భాగం డూమ్ 2 మ్యాపుల కోసమే. రాక్షసుల బొమ్మలు వేరుగా ఉంటాయి, కొట్టే దెబ్బ మాత్రం అదే.