అన్ని మతాల సారం ఒక్కటేనా?

నడవడిక వరకైతే చాలామటుకు అవును. నమ్మకాల దగ్గరికొస్తే కాదు. ఈ రెండూ కలిపేయడం వల్లే ‘అన్ని మతాలూ ఒకటే చెబుతాయి’ అనే మాట అంత తేలిగ్గా వచ్చేస్తుంది.

‘ఒరులేయవి యొనరించిన నరవర యప్రియము తన మనంబునకగు’, అంటే ఇతరులు చేస్తే మన మనసుకు నచ్చని పనులు మనం వాళ్లకు చేయకుండా ఉండటమే పరమధర్మమని తిక్కన భారతంలో ఉంది. జీవితాంతం పాటించడానికి ఒక్క మాట చెప్పమని శిష్యుడు అడిగితే చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ చెప్పిందీ ఇదే. యూదు గురువు హిల్లెల్ దగ్గరికి ఒకాయన వెళ్లి, తాను ఒంటికాలి మీద నిలబడి ఉండగానే ధర్మశాస్త్రమంతా నేర్పమన్నాడట. నీకు గిట్టనిది తోటివాడికి చేయకు, మిగతాదంతా దీనికి వ్యాఖ్యానమే, వెళ్లి నేర్చుకో అన్నాడు హిల్లెల్. మనుషులు కలిసి బతకాలంటే ఈ నియమం లేకుండా కుదరదు. అందుకే ఇన్ని చోట్ల పుట్టిందని నా అభిప్రాయం.

మనిషికి అసలు సమస్య ఏమిటి, దాన్నుంచి బయటపడేదెలా అని అడిగితే మాత్రం దారులు విడిపోతాయి. వాటిని పైపై తేడాలని కొట్టిపారేయడం నాకు సబబుగా తోచదు, నమ్మేవాళ్లకు అవే ప్రాణం. క్రైస్తవం దృష్టిలో సమస్య పాపం. క్రీస్తు సిలువ మరణం, పునరుత్థానం తీసేస్తే ఆ మతమే నిలవదు. ఇస్లాం యేసును ప్రవక్తగా గౌరవిస్తుంది గానీ దేవుడి కుమారుడంటే ఒప్పుకోదు. జైనానికి సృష్టికర్తే లేడు. ఇక శాశ్వతమైన ఆత్మ అనేదేదీ లేదని బౌద్ధం అంటే, అద్వైతానికి ఆ ఆత్మే పరమసత్యం.