హీరోనీ విలన్‌నీ ఎట్టా తూచాలి

నెల్లూరు

అబ్బయా,

ఆశీస్సులు. కావలి నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఒకవైపు హీరోలు, ఇంకోవైపు విలన్లు, మధ్యలో బలం, తెలివి, ఆయుధం, డైలాగులు అని గళ్లు గీసి మార్కులు వేశావు. పడ్డ శ్రమ కనబడుతోంది. కానీ ఆ గళ్లలో ఒక విలన్ పేరు కొట్టేసి ఇంకొకడి పేరు రాసినా మార్కులు పెద్దగా మారవు, చూసుకో. క్రూరుడు, తెలివైనవాడు, భయంకరుడు అనే మాటలు అందరికీ సరిపోతాయి కాబట్టి ఎవరినీ పట్టివ్వవు. గళ్లు తీసెయ్. ఇద్దరినీ ఒకే కట్టుబాటు కింద నిలబెట్టు. దాన్ని ఎవరు మోశారో, ఎవరు తెంచారో, ఏ క్షణాన తెంచారో రాయి.

ఇందుకు పాఠం మన ఊళ్లోనే ఉంది. తిక్కన విరాటపర్వంలో కీచకుడు సైరంధ్రి వేషంలో ఉన్న ద్రౌపదిని నిండు సభలో తన్నే చోటు తియ్యి. భీముడు వంటవాడు వలలుడిగా అక్కడే ఉన్నాడు. అజ్ఞాతవాసం ఏడాది. ఈలోపు బయటపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవి. భీముడి చూపు ఒక చెట్టు మీదికి పోయింది, పెరికి మోదాలని. కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు అది కనిపెట్టాడు. చుట్టూ ఇన్ని చెట్లుండగా, పళ్లతో, కొమ్మలతో, నీడకు చేరినవాళ్లకు విశ్రాంతినిచ్చే ఈ చెట్టునే వంటకట్టెల కోసం కొట్టడం ఎందుకు అన్నాడు. సభకు అది వంటవాడి కట్టెల సంగతి. భీముడికి సంకెల. చెట్టు అంటే తమకు నీడనిచ్చిన విరాటుడు కూడా అని మనకు తడుతుంది. కీచకుడూ బలవంతుడే, భీముడూ బలవంతుడే. ఒకణ్ణి ఆపే మాట ఆ సభలో లేదు, రెండోవాణ్ణి ఒక్క మాట ఆపింది. నర్తనశాల (1963)లో కీచకుడిగా ఎస్వీ రంగారావు నడక, చూపు ఎన్నిసార్లయినా చూడు, నేర్చుకోవలసింది చాలా ఉంది. అయితే రాసేవాడిగా నువ్వు ముందు పట్టుకోవలసింది ఎదుటివాడి కట్టేసిన చేతులను.

నీ వ్యాసంలో గబ్బర్ సింగ్‌కు క్రూరత్వంలో పదికి పది వేసి వదిలేశావు. షోలే (1975)లో ఆ రివాల్వర్ సీను మళ్లీ పెట్టుకుని లెక్కపెట్టు. ఓడి వచ్చిన తన మనుషులు ముగ్గురు, గుళ్లు ఆరు. ఇది అన్యాయం అంటూ మూడు గుళ్లు గాల్లోకి కాలుస్తాడు. ఇప్పుడు ముగ్గురికి మూడు. చక్రం తిప్పుతాడు, ఏ అరలో గుండుందో ఎవరికీ తెలియదు. ఒక్కొక్కరి తల దగ్గరా ట్రిగ్గర్ నొక్కితే మూడుసార్లూ ఖాళీ. బతికారు. అతను నవ్వాడు, వాళ్లు నవ్వారు, కొండల్లో ముఠా అంతా నవ్వింది. ఆ నవ్వు ఇంకా నడుస్తుండగానే మిగిలిన మూడు గుళ్లూ పేల్చేశాడు. నియమం పెట్టిందీ అతనే, వాళ్లను అదృష్టానికి వదిలినట్టు చూపిందీ అతనే, ఆ అదృష్టాన్ని రద్దు చేసిందీ అతనే. నవ్వు లేకుండా నేరుగా కాల్చి ఉంటే అది మామూలు హత్య అయ్యేది.

ఇప్పుడు అదే సినిమాలో హీరో వైపు చూడు. జై మాటిమాటికీ నాణెం ఎగరేస్తాడు. అదీ అదృష్టం మీద వదలడమే. అతను చనిపోయాక స్నేహితుడు వీరూ ఆ నాణెం తిప్పి చూస్తే రెండువైపులా ఒకటే బొమ్మ. అంటే హీరో కూడా మోసం చేశాడు, కాకపోతే చావు తన వాటాకు వచ్చేట్టు చేసుకున్నాడు. తుపాకీ చక్రం, నాణెం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి రెండు పేజీలు రాస్తే నీ పట్టికంతా అందులో ఇమిడిపోతుంది.

గేముల దగ్గర ఇంకో పొరపాటు జరిగింది. ఆట ఆపి చూపించే కట్‌సీన్లలో విలన్ చెప్పే మాటల్ని బట్టి అతన్ని కొలిచావు. గేములో విలన్ గుణం ముందు కదలికలో ఉంటుంది. పాక్‌మ్యాన్ (1980)లో నిన్ను చిక్కుదారుల్లో తరిమే నాలుగు దయ్యాలకూ ఒక్క డైలాగు లేదు. అయినా నాలుగూ నాలుగు మనుషులు. ఎర్రది నువ్వున్న గడికే గురిపెట్టి వస్తుంది. గులాబీది నీ ముందు నాలుగు గడుల దూరానికి గురిపెట్టి దారి కాస్తుంది. నీలంది ఎర్రదాని స్థానాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది, అందుకే అది ఎటు తిరుగుతుందో అంచనా దొరకదు. నారింజది ఎనిమిది గడుల కంటే దూరంలో ఉంటే తరుముతుంది, దగ్గరికి రాగానే తన మూలకు పోతుంది. నాలుగూ ఎర్రదానిలాగే తరిమితే ఏమవుతుంది? కాసేపటికి నీ వెనక ఒకే వరసలో చేరతాయి, నాలుగు కలిసి ఒకటే శత్రువు. నీ కథల్లో విలన్ అనుచరులు అట్టానే ఉన్నారు, అందరూ ఒకేసారి మీదపడి ఒకేసారి కిందపడతారు. ఒకడికి వెంటపడే పని, ఒకడికి దారి కాసే పని, ఒకడికి పిరికితనం ఇచ్చి చూడు.

ఇంకో సంగతి కూడా అందులో ఉంది. మొదటి లెవల్లో దయ్యాలు 7 సెకన్లు మూలలకు పోతాయి, తర్వాత 20 సెకన్లు వేటాడతాయి, మళ్లీ 7, మళ్లీ 20. ఆ ఏడు సెకన్ల ఊపిరి లేకపోతే భయం మొద్దుబారిపోతుంది. నీ క్లైమాక్సులో పదిహేను పేజీలు ఎక్కడా ఆగకుండా తరుముతూనే ఉన్నావు.

చివరి పోరాటం ఎందుకు తేలిపోయిందని అడిగావు. ఎర్రన నృసింహపురాణం రాశాడు. నరసింహస్వామి కొలువున్న పెంచలకోనకు పోయివచ్చే వాళ్లందరికీ తెలిసిన కథే. మనిషి వల్లా మృగం వల్లా కాదు, పగలూ రాత్రీ కాదు, లోపలా బయటా కాదు, నేల మీదా నింగిలోనూ కాదు, ఆయుధంతోనూ కాదు. హిరణ్యకశిపుడి చావు ఆ మాటల సందుల్లోనే దాగి ఉంది: సంజవేళ, గడప, తొడ, గోళ్లు. కొత్తగా ఏదీ తీసుకురాలేదు. నువ్వేమో ఆఖరి పేజీలో హీరో చేతికి అంతకుముందు ఎక్కడా లేని కత్తి ఇచ్చావు. ముందు విలన్ వరం రాసుకో, ఐదు షరతులకు మించకుండా. దాన్ని గెలిచే దారి ఆ షరతుల్లోనే వెతుకు. దొరక్కపోతే షరతు మార్చు, కత్తి మాత్రం తేవద్దు.

సినిమాకూ గేముకూ అసలు తేడా ఎక్కడుందో షాడో ఆఫ్ ది కొలోసస్ (2005) ఆడితే తెలుస్తుంది. చనిపోయిన పిల్లను బతికించాలని ఒక కుర్రాడు పదహారు మహాకాయాలను చంపాలి. వాటిలో కొన్ని తమ జోలికి పోనంతవరకూ ఊరికే ఉంటాయి. జూలు పట్టుకుని వేలాడాలంటే బటన్ నొక్కి పట్టే ఉండాలి, పట్టు సత్తువ అయిపోతే జారిపోతాడు. చివరి పోటు పొడవగానే విజయగీతం రాదు, విషాదం మోగుతుంది. నల్లటి తీగలు వచ్చి అతని ఒంట్లోకి దూరుతాయి, ముఖం పోనుపోను పాలిపోతుంది. సినిమాలో అయితే వాడు చంపాడు అంటాం. ఇక్కడ ఆ బటన్ వదలకుండా నొక్కింది మన వేలు. అందుకని గేము హీరో మీద రాసేటప్పుడు అతనేం చేశాడనే కాదు, ఆడేవాడి చేత ఏం చేయించాడో కూడా రాయి.

ఇక నీ సొంత కథ. విలన్ కోసం ముంబై డాన్ దాకా పోవద్దు. మన తీరంలో ఒక రొయ్యల గుంట తీసుకో. వైట్ స్పాట్ జబ్బు కనబడింది, వెంటనే పట్టుబడి చెయ్యాలి, అంటే గుంటలో రొయ్యలన్నీ పట్టెయ్యాలి. బయ్యరు రాత్రి ఫోన్లో కౌంటుకు (కిలోకు తూగే రొయ్యల లెక్క) ఇంత అని ధర ఒప్పుకున్నాడు. తెల్లవారుజామున వలలు లాగాక, సరుకు గట్టు మీదికి వచ్చాక, కౌంటు పెరిగింది, రొయ్య చిన్నది, రేటు ఇంతే అంటాడు. అరవక్కర్లేదు, కత్తి అక్కర్లేదు. ఐసు అతని బండిలో ఉంది, ఎండ ఎక్కుతోంది. అతను టీ తాగుతాడు, అంతే.

హీరోకు కూడా అదే ఉదయం ఒక పరీక్ష పెట్టు. జబ్బు పట్టిన గుంట నీళ్లను బ్లీచింగ్ కొట్టి కొన్నాళ్లు నిలవుంచి వదలాలి. ఇప్పుడే కాలవలోకి వదిలేస్తే ఖర్చూ రోజులూ మిగులుతాయి, కానీ కింద పక్క గుంటలవాళ్లు తోడుకునేది ఆ కాలవ నీళ్లే. బయ్యరు మాట తప్పి అప్పటికి గంట కూడా కాలేదు. హీరో చెయ్యి తూము పలక మీద ఉంది.

ఆ సీను నాలుగు పేజీల్లో రాసి పంపు. ఇద్దరిలో ఎవరి గురించీ మంచివాడు, చెడ్డవాడు అనే మాట రాయొద్దు.

నీ శ్రేయోభిలాషి