బేగూరు శాసనం, కరగ ఉత్సవం 3డీలోకి ఎక్కిస్తే ఇక రెండూ భద్రమేనా?

శాసనంలో రాత వరకూ అయితే చాలావరకు భద్రమే, బెంగళూరులో ఏటా ఊరేగింపుగా జరిగే కరగ మాత్రం కాదండీ. స్కానర్ రాయి మీద ఎత్తుపల్లాలు కొలిచి లక్షల చుక్కలుగా దాచుకుంటుంది, ఆ మోడల్ మీద కంప్యూటర్‌లో ఏ పక్క నుంచి కావాలంటే ఆ పక్క నుంచి వెలుగు వేసుకోవచ్చు కాబట్టి కంటికి ఆనని అరిగిపోయిన గీతలు కూడా నీడల్లో తేలతాయి, అందుకే బెంగళూరులో మిథిక్ సొసైటీ అనే చరిత్ర పరిశోధన సంస్థ వాళ్లు ఊళ్లోని శాసనాల్ని ఇలా 3డీ స్కాన్ చేస్తున్నారు. బెంగళూరులోనే ఉన్న బేగూరు నాగేశ్వర గుళ్లో రాయినే చూడండి, సుమారు 890 నాటిది, అందులో 'బెంగళూరు' యుద్ధం గురించి ఉంది, అంటే బెంగళూరు పేరుకి అంత పాత సాక్ష్యం అది. అలాంటిది రేపు పగిలినా రాత మిగలాలి కదా!

ఎక్కువమంది పొరబడేది ఎక్కడంటే, వీఆర్ వీడియో (కళ్లకి పరికరం పెట్టుకుని అక్కడే ఉన్నట్టు చుట్టూ చూసేది) తీసేస్తే కరగ కూడా అలాగే భద్రమైపోతుందనుకుంటారు. వీడియోలో దొరికేది చూసేవాళ్ల అనుభవం మాత్రమే. తిగళ కులం వాళ్లు పట్టే దీక్ష, కత్తులతో వెంట నడిచే వీరకుమారుల సాధన, ఊరేగింపు మస్తాన్ సాబ్ దర్గా దగ్గర ఆగే ఆనవాయితీ, ఇవన్నీ పెద్దవాళ్లు పిల్లలకి దగ్గరుండి నేర్పితేనే నిలుస్తాయి.