గట్టు మీద నిద్రపోయే మనిషి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. బీటెక్ తర్వాత నాలుగేళ్లు హైదరాబాదులో ఉద్యోగం చేసి, నాన్నగారి ఆరోగ్యం బాగాలేక ఇంటికి వచ్చి మా రొయ్యల గుంటల లెక్కలు చూస్తున్నాను. మా కాపలాదారు వయసు మళ్ళిన మనిషి. పొద్దున పది గంటలకు నేను వెళ్ళినప్పుడల్లా షెడ్డులో నిద్రపోతూ కనిపించేవాడు. కరెంటు ఖర్చు తగ్గుతుందని రాత్రి రెండు నుంచి ఐదు వరకు సగం ఏరియేటర్లు (నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు) ఆపమని చెప్పాను. ముసురు పట్టిన ఒక రాత్రి ఆయన నా మాట కాదని అన్నీ తిప్పాడు. మరునాడు కూలీల ముందే గద్దించాను. “తెల్లారుజామున ఒకసారి రా అబ్బయా” అని మాత్రం అన్నాడు. తర్వాత నీళ్ళు పరీక్షించడానికి వచ్చిన టెక్నీషియన్ సంగతి విని, ఆ రాత్రి ఏరియేటర్లు ఆపి ఉంటే పంట దక్కేది కాదేమోనన్నాడు. ఇప్పుడు ఆయన ముఖం చూడలేకపోతున్నాను. క్షమాపణ ఎలా అడగాలి? ఇతరుల పని మీద ఇలాంటి తొందరపాటు మాటలు మళ్ళీ రాకుండా ఏం చేయాలి?

జవాబు: మీ కళ్ళు మిమ్మల్ని మోసం చేయలేదు. ఆయన నిద్రపోతున్న మాట నిజమే. అయితే “పని ఎగ్గొడుతున్నాడు” అన్నది మీరు చూసినది కాదు, చూసినదానికి మీరు జోడించుకున్నది. రాత్రంతా మేలుకున్న మనిషి పగలు పదింటికి నిద్రపోక ఏం చేస్తాడు? మీరు ఆయన పనిని, ఆ పని జరగని వేళలోనే రోజూ చూసి వచ్చారు.

ఆ పని సంగతి కాస్త వివరంగా చెప్పవలసి ఉంది. పగటిపూట గుంటలోని నాచు ఎండ తగిలినంతసేపూ నీటిలోకి ప్రాణవాయువును వదులుతుంది. పొద్దు గూకగానే అది ఆగిపోయి, రొయ్యలతో పాటు నాచూ, అడుగున కుళ్ళే మేతా అన్నీ కలిసి ఉన్న ప్రాణవాయువునే వాడుకుంటూ పోతాయి కనుక, అది బాగా అడుగంటేది సరిగ్గా సూర్యోదయానికి ముందు. లీటరు నీటిలో అది నాలుగు మిల్లీగ్రాముల కంటే తగ్గకుండా చూసుకోవాలని రైతులకు చెబుతారు. ముసురు పట్టిన రోజున పగలు ఎండే లేదు కాబట్టి, రాత్రి మొదలయ్యేసరికే నిల్వ తక్కువగా ఉంటుంది. మీరు వృథా అనుకున్న ఆ మూడు గంటలే పంటకు గండం గడవవలసిన వేళ. కరెంటు యూనిట్ల లెక్కలో మీరు తప్పలేదు, ఏ గంటను తగ్గించవచ్చో మాత్రం మీకు తెలియలేదు. ఆ సంగతి తెలిసిన మనిషి పది అడుగుల దూరంలోనే ఉన్నా మీరు అడగలేదు.

ఇలాంటి పొరపాటు నేనూ చేశాను. చాలా ఏళ్ల క్రితం అల్లూరు మండలం ఇస్కపల్లి ఉప్పు కొఠార్ల దగ్గర, ఒక పెద్దావిడ ఉప్పు తేలిన మడి గట్టు తెగగొట్టి మిగిలిన నీళ్ళన్నీ బయటికి వదిలేయడం చూశాను. అంత ఉప్పు నీటిని పారబోయడం ఎందుకు, ఇంకో రెండు రోజులు ఉంచితే ఇంకా ఉప్పు తేలదా అని తెలిసినవాడిలా సలహా చెప్పాను. ఆవిడ నా అరచేతిలో ఆ నీళ్ళు రెండు చుక్కలు పోసి నాలుక మీద వేసుకోమన్నారు. చేదు విషం. సముద్రపు నీరు ఇగిరి ఇగిరి పదో వంతుకు వచ్చాక గాని ఉప్పు గడ్డకట్టడం మొదలవదు. అలా గడ్డకట్టాక మిగిలే నీటిలో మెగ్నీషియం లవణాలు చేరి ఉంటాయి. ఆ నీటిని అలాగే ఇగరనిస్తే ఉప్పు చేదెక్కుతుంది, చెమ్మ పీలుస్తుంది. ఎప్పుడు వదిలేయాలో తెలియడమే ఆవిడ పనితనం. ఆ చేదు చాలాసేపు నోటిని వదలలేదు. ఆవిడ ఒక్క మాట కూడా పరుషంగా అనలేదన్నది ఇప్పటికీ నా మనసులో మెదులుతూనే ఉంటుంది.

ఇక తొందరపాటు సంగతి. “ఎందుకు ఇలా చేస్తున్నావు” అని అడిగితే అవతలి మనిషికి అది నిలదీత లాగానే వినిపిస్తుంది, సంజాయిషీ తప్ప సమాధానం రాదు. “ఇది చేయకపోతే ఏమవుతుంది?” అని అడిగి చూడండి. ఆ మనిషి అంతకు ముందు చూసిన నష్టాలూ, దాటిన గండాలూ అన్నీ వరసగా బయటికి వస్తాయి. ఎవరి పనినైనా తేలికగా తీసిపారేయాలనిపించినప్పుడు, దాన్ని నేను ఏ వేళలో, ఎంతసేపు చూశాను అని ముందు మీకు మీరే ప్రశ్న వేసుకోండి. చాలాసార్లు మన దగ్గర ఉండేది పది నిమిషాల చూపే.

అలాగని ఇకపై ఆయన చెప్పినదానికల్లా తలూపమని నేను అనను. అది గౌరవంలా కనిపించినా, నిజానికి ఆయన మాట మీద మనసు పెట్టకపోవడమే. నీళ్ళ రంగు చూసీ, గట్టు వారకు చేరుతున్న రొయ్యను చూసీ ఆయన గ్రహించేదాన్ని, మీరు ప్రాణవాయువు కొలిచే మీటరు కొని పక్కన పెట్టుకుని చూడండి. ఆయన అంచనా, మీటరు అంకె రెండూ ఒకే పుస్తకంలో ఒక పంట కాలం రాయండి. రెండూ కలవని రోజున ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. మీ చదువు అక్కరకు వచ్చే చోటు అదే.

క్షమాపణ విషయంలో నా మాట సూటిగా చెబుతాను. కూలీల ముందు గద్దించారు కాబట్టి ఆ కూలీల ముందే చెప్పాలి. చాటుగా చెబితే మీ సిగ్గు తీరుతుందేమో గాని, ఆయన పోగొట్టుకున్న మర్యాద తిరిగి రాదు. “పెద్దాయనా, ఆ రోజు నాదే తప్పు, మీరు తిప్పకపోయి ఉంటే పంట పోయేది” అంటే చాలు. మీకు టెక్నీషియన్ చెప్పాడన్న మాట అందులో తేకండి. ఆయన మాట మీద కాక ఇంకొకరి మాట మీద నమ్మారని తెలిస్తే మళ్ళీ గాయమవుతుంది. ఆయన పిలిచిన వేళకే, తెల్లవారుజామున నాలుగింటికి వెళ్ళండి. చెక్‌ట్రే (మేత వేసి గుంటలోకి దించే పళ్ళెం) పైకి లాగి, మేత ఎంత మిగిలింది, రొయ్య పేగు నిండుగా ఉందా అన్నది టార్చి వెలుగులో ఆయన చూసే తీరును పక్కన నిలబడి చూడండి. జీతం పెంచే మాట ఆ రోజు ఎత్తవద్దు, అది క్షమాపణకు వెల కట్టినట్టుంటుంది. రాత్రి కాపలా అని ఇస్తున్న జీతం ఆయన చేస్తున్న పనికి సరిపోదన్నది మాత్రం ఇప్పుడు మీకు తెలుసు కాబట్టి, నాన్నగారితో మాట్లాడి ఈ పంట పట్టుబడి కాకముందే ఆ సంగతి తేల్చండి.