వాన నీళ్ల సంపు గురించి చిన్నోడికి

చిరంజీవి చిన్నోడికి పెద్దనాన్న ఆశీస్సులు.

బరంపురంలో ఇల్లు స్లాబు దాకా వచ్చిందని మీ అమ్మ చెప్పింది. వాన నీళ్ల కోసం పెద్ద సంపు తవ్విస్తున్నావట, చాలా సంతోషం. కానీ సంపు సైజు తర్వాత చూసుకోవచ్చు. అందులోకి ఎలాంటి నీళ్లు దిగుతాయో ముందు చూసుకో.

చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. నీ డాబా 100 చదరపు మీటర్లనుకుంటే, ఒక్క సెంటీమీటరు వానకు 1,000 లీటర్లు. అటూ ఇటూ పోను 800 అయినా దక్కుతాయి. మన వైపు జూన్ నుంచి అక్టోబరు దాకా వానలే కాబట్టి నీళ్లకు కొదవ లేదు. జాగ్రత్తంతా శుభ్రం దగ్గరే.

వేసవంతా డాబా మీద దుమ్ము, పావురాల రెట్టలు, ఎండుటాకులు పేరుకుంటాయి. కాలబైశాఖి, అదే మన వేసవి గాలివాన, మొదటి జల్లుకు అదంతా పైపులోకే కొట్టుకొస్తుంది. ఆ నీళ్లు సంపులో పడకూడదు. ఇందుకోసం కొందరు ప్లంబర్లు గోడకు 4 అంగుళాల పైపు ముక్క నిలబెట్టి, కింద మూత బిగించి, పనైపోయిందంటారు. ఆ పైపులో మీటరుకు పట్టేది 8 లీటర్లే. 3 మీటర్లు పెట్టినా 24. నీ డాబా కడగాలంటే 100 లీటర్లు వదలాలి. కాబట్టి ఓ డ్రమ్ము పెట్టించు, అది నిండాకే నీళ్లు సంపు దారి పట్టాలి. అడుగున కుళాయి ఉండాలి. వాన వెలిశాక డ్రమ్ము ఖాళీ చెయ్యకపోతే తర్వాతి వానకు అది ఉన్నా లేనట్టే. ఈ పని కోడలి మీద వెయ్యకు, నువ్వే చూసుకో.

ఆ తర్వాత ఫిల్టరు: అడుగున గులకరాళ్లు, మీద సన్న కంకర, ఆపైన కడిగిన ఇసుక. ఏటా వానలకు ముందు ఇసుక తీసి కడగాలి.

సంపు సెప్టిక్ ట్యాంకుకు దూరంగా ఉండాలి. మూత నేలకు జానెడు ఎత్తులో, సందు లేకుండా కూర్చోవాలి. ఓవర్‌ఫ్లో పైపుకు సన్న జాలీ కట్టించు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి తేట నీళ్ల దగ్గరే.

2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు పోయి మోటార్లు నడవలేదు, గుర్తుందా? అందుకే సంపుకు చేతిపంపు కూడా పెట్టించమంటున్నాను. తుపాను కబురు రాగానే డాబా ఎక్కి పైపు నోళ్లు చూడు. ఆకులు అడ్డుపడితే నీళ్లు స్లాబు మీదే నిలిచిపోతాయి.

వాన నీళ్లలో పప్పు తొందరగా ఉడుకుతుంది, సబ్బు బాగా నురుగొస్తుంది. తాగేవి మాత్రం మరిగించాల్సిందే. బ్లీచింగ్ పౌడరు 1,000 లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు. బకెట్లో కలిపి, మడ్డి దిగాక పైతేట సంపులో పోసి, గంట ఆగి వాడుకోండి.

వీటన్నిటికీ ముందు స్లాబు వాలు సరిగ్గా పైపుల వైపు ఉండాలి. స్లాబు పోసే రోజు ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. పర్లాకిమిడిలో పొద్దున్న బస్సెక్కి వచ్చేస్తాను, మేస్త్రీతో నేనే మాట్లాడతాను.

పెద్దనాన్న