వాయుగుండం అనగానే మా ఇంట్లో గొడవ మొదలవుతుంది

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. పుట్టిల్లు నూజివీడు దగ్గర. దివిసీమలో సముద్రానికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి కోడలిగా వచ్చి తొమ్మిదేళ్లయింది. మావారికి ఒక ఫైబర్ బోటులో సగం వాటా ఉంది, ఇంటి దగ్గర రెండు గేదెలున్నాయి. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి నాలుగు. మా అత్తగారు 1977 ఉప్పెనలో వాళ్లమ్మని, ఇద్దరు తమ్ముళ్లని పోగొట్టుకున్నారు. అప్పటికి ఆవిడకి పదకొండేళ్లు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో వినపడగానే అన్నం మానేసి అరుగు మీద కూర్చుంటారు. కదలమంటే కదలరు. "ఆ రోజు ఇల్లు వదిలి వెళ్లినవాళ్లే పోయారు" అంటారు. పోయినసారి తుపానుకి నేను ఏడ్చి గోల చేసి అందర్నీ పునరావాస కేంద్రానికి తీసుకెళ్లాను. తీరా చూస్తే మా ఊళ్లో నాలుగు చెట్లు పడ్డాయి, అంతే. తిరిగొచ్చేసరికి ఇంట్లో గ్యాస్ సిలిండరు, నీళ్ల మోటారు లేవు. అప్పట్నించీ మావారు అదే మాట ఎత్తి దెప్పుతున్నారు. ఈసారి వస్తే పిల్లల్ని తీసుకుని నువ్వు వెళ్లు, నేనూ అమ్మా రాము అంటున్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర లేదు, ఫోనులో తుపాను మ్యాపులు చూస్తూ కూర్చుంటున్నాను. పాప మళ్లీ పక్క తడుపుతోంది. ఇప్పుడు మళ్లీ అల్పపీడనం అంటున్నారు. నేను నిజంగానే పిరికిదాన్నా? వీళ్లని ఎలా కదిలించాలి?
— ఒక సోదరి, కృష్ణా జిల్లా

జవాబు: ముందు ఆ పిరికితనం సంగతి తేల్చేద్దాం. మీరు పిరికివారు కాదమ్మా. మీ ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లూ భయపడుతున్నారు, ఆ మాట పైకి అంటున్నది మీరొక్కరే. అందుకే ఆ పేరు మీకు వచ్చింది. మీకు నీళ్ల భయం, మీ ఆయనకి బోటు భయం. మీ అత్తగారిది వీటన్నిటికన్నా పాతది, కాబట్టి ఆవిడ దగ్గరే మొదలుపెడతాను.

1977 నవంబరు 19. తుపాను తీరం దాటింది నిజాంపట్నం వైపున. కానీ మనవైపు తీరానికి వచ్చే తుపానుల్లో, అది కదిలే దిశకి కుడిపక్కన గాలి సముద్రం నుంచి నేల మీదికి తోస్తుంది. ఆ కుడిపక్కన ఉన్నది దివిసీమ. నీళ్లు ఐదు మీటర్లు, కొన్నిచోట్ల అంతకు మించి లేచి ఊళ్ల మీద పడ్డాయి. పది వేల మందికి పైగా పోయారు. ఇవన్నీ మీ ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతులే. నేను చెప్పదలచుకున్నది ఇంకొకటి. ఆ రోజు వాళ్లకి ఇల్లు వదలమని వేళకి చెప్పి, బండి పెట్టి, మెరక మీదికి చేర్చినవాళ్లు లేరు. నీళ్లు గడపలోకి వచ్చాక, ఎటు పోవాలో తెలియక పరిగెత్తారు. పదకొండేళ్ల పిల్ల కళ్లతో చూసింది అదే: బయటికి వెళ్లారు, పోయారు. ఆవిడ అప్పుడు నేర్చుకున్న పాఠాన్ని మనం మూర్ఖత్వం అనకూడదు. ఆ పిల్ల దాన్ని పట్టుకునే ఇన్నేళ్లు బతికింది.

అందుకే "అప్పటి రోజులు వేరు అత్తయ్యా, ఇప్పుడు శాటిలైట్లు ఉన్నాయి" అని మీరు వాదించినంతకాలం ఆవిడ కదలరు. శాటిలైటుకీ వాళ్లమ్మకీ ఏం సంబంధం? ఎండ కాస్తున్న రోజు చూసుకోండి. ఇద్దరూ కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూనో, చేపలు బాగుచేస్తూనో అడగండి. చనిపోయిన సంగతి అడగొద్దు. ఆ రోజు పొద్దున ఇంట్లో ఏం వండారు, తమ్ముళ్లు ఎలా ఉండేవారు, పెద్దవాడి పేరు ఏంటి, ఇలాంటివి అడగండి. చెప్తే వినండి, మధ్యలో ఓదార్చకండి. చెప్పకపోతే వదిలేయండి, మరో రోజు అడగవచ్చు. ఉప్పెన చూసిన పెద్దవాళ్లు కొందరు నా దగ్గరికి వచ్చారు. ఎన్నో ఏళ్లుగా వాళ్లని "ఎంతమంది పోయారు" అని అడిగినవాళ్లే గానీ "నీకు ఎవరంటే ఇష్టం" అని అడిగినవాళ్లు లేరు. ఆ కబుర్లు నాలుగైదుసార్లు అయ్యాక, అప్పుడు ఒక్క మాట అనండి: "ఆ రోజు నీళ్లు రాకముందే, పగటిపూట, మిమ్మల్ని అందర్నీ ఎవరైనా బస్సెక్కించి ఉంటే బాగుండేది కదత్తయ్యా." అంతవరకే. మిగతాది ఆవిడ ఆలోచించుకుంటారు.

ఇదంతా ఈ వారంలో అయ్యే పని కాదని నాకు తెలుసు. ఈసారికి దగ్గరదారి ఒకటి ఉంది. మీకు ఆడపడుచు ఉన్నారో లేదో రాయలేదు. చల్లపల్లిలోనో బెజవాడలోనో మీ అత్తగారి కూతురో, చెల్లెలి వరస మనిషో ఉంటే, వాళ్ల చేత పిలిపించండి. కేంద్రంలో చాప మీద పడుకోవడం కన్నా సొంత మనుషుల ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లడం ఆవిడకి తేలిక. అయితే ఏదో వంక పెట్టి, తుపాను సంగతి దాచి మాత్రం తీసుకెళ్లకండి. కొందరు కొడుకులు అలా చేస్తారు, గుడికని చెప్పి కారెక్కిస్తారు. ఒకసారి పనిచేస్తుంది. మరుసటిసారి ఆ ముసలి ప్రాణం గుమ్మం పట్టుకుని వేలాడుతుంది.

ఇక మీ ఆయన. ఆయన మొండివాడని మీరు రాయలేదు గానీ ఉత్తరం నిండా అదే ఉంది. నాకు అలా అనిపించలేదు. బోటులో సగం వాటా అంటే అప్పు తప్పకుండా ఉండి ఉంటుంది. తుపాను హెచ్చరిక వచ్చిన దగ్గర్నుంచి వేటకి పోవడానికి లేదు, అంటే రాబడి లేదు. అలాంటి రోజుల్లో భార్య మాట విని ఇల్లు వదిలితే సిలిండరూ మోటారూ పోయాయి. మగవాడికి ఊళ్లో అది నష్టం కన్నా ఎక్కువ, నలుగురిలో తల కొట్టేసినట్టు. దొంగ మీద తీరని కోపం మీ మీద తీరుతోంది. మీరు "నాలుగు చెట్లే పడ్డాయి" అని ఆయన మాటే మీ ఉత్తరంలో రాశారు చూశారా, మీరు కూడా లోపల ఒప్పేసుకున్నారు.

ఒప్పుకోవద్దు. రాని తుపానుకి కదలడం తప్పు కాదు. ఒక రోజు ముందు చెప్పినప్పుడు కూడా తీరం దాటే చోటు కొన్ని పదుల కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది. 2025లో మొంథా తుపాను కాకినాడ పరిసరాల్లో దాటుతుందని చెబుతూ వచ్చారు. అక్టోబరు 28 రాత్రి చివరికి దాటింది నరసాపురం దగ్గర. మ్యాపు మీద అది గోరంత దూరం, నేల మీద ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య బతుకంత తేడా. మీ ఊళ్లో నాలుగు చెట్లతో పోయిందంటే, ఆ మిగతాది వేరేవాళ్ల మీద పడిందని అర్థం. ఈ మాట ఆయనకి గొడవలో కాకుండా మామూలుగా ఉన్నప్పుడు చెప్పండి.

గొడవలో చెప్తే ఏమవుతుందో నాకు స్వయంగా తెలుసు. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. మేం విశాఖలో ఐదో అంతస్తులో ఉన్నాం. బాల్కనీ తలుపుకి మంచం అడ్డం పెట్టి, దానికి ఆనుకుని కూర్చున్నాం. మధ్యాహ్నం వేళ ఉన్నట్టుండి గాలి నిలిచిపోయింది. మావారు చెప్పులేసుకుని "బండి ఏమైందో చూసొస్తా" అని బయల్దేరారు. అది తుపాను కన్ను, తగ్గినట్టు కాదు, ఇంకో పక్కనుంచి మళ్లీ కొడుతుంది అని నేను అరిచాను. "నీకన్నీ తెలుసు" అన్నారు. మూడో అంతస్తు మెట్ల దగ్గర ఉండగా ఎదురువైపు నుంచి గాలి మొదలైంది, కిటికీ అద్దం ఒకటి ఆయన ముందే పగిలి పడింది. పైకి వచ్చారు, బతికారు. ఇంత చదువు చదివిన నేను ఆ క్షణంలో ఒక మనిషిని మాటతో ఆపలేకపోయాను. గాలి వీస్తున్నప్పుడు ఎవరూ ఎవరి మాటా వినరు. ఇన్నేళ్లయినా మా ఇంట్లో ఆ రోజు ఎవరిది తప్పో తేలలేదు, అది వేరే సంగతి.

కాబట్టి వెళ్లాలా వద్దా అన్నది గాలి లేని రోజే తేల్చుకోవాలి. మీరు ఈ రాత్రి ఆయనతో మాట్లాడాల్సింది ఇదొక్కటే. "వెళ్దామా" అని అడగకండి, "ఎప్పుడు వెళ్దాం" అని అడగండి. వాతావరణ శాఖ తీరంలో గాలీవానా మొదలవడానికి కనీసం 48 గంటల ముందు పసుపు రంగుతో తుపాను అప్రమత్తత, 24 గంటల ముందు నారింజ రంగుతో తుపాను హెచ్చరిక ఇస్తుంది. (వానలకి ఇచ్చే రంగులు కూడా ఇవే, వాటితో కలిపేసుకోకండి. పేరులో తుపాను అని ఉందా, మీ జిల్లా ఉందా అని చూడండి.) పసుపు వచ్చిందంటే ఆయన పని మొదలు. బోటుని కాలవలోకి తెచ్చి మోకులతో కట్టుకోవడం, ఇంజను విప్పి మెరక మీద పెట్టుకోవడం, వలలు ఎత్తుకోవడం, ఇంటి మీద వాలిన కొబ్బరి మట్టలు నరికించుకోవడం. ఈ పనికి ఒక రోజు మొత్తం ఆయనకి వదిలేయండి, వెనకనుంచి "త్వరగా" అనకండి. నారింజ వచ్చాక, పగలుండగా అన్నాలు తిని ఐదుగురూ బయల్దేరాలి. లేదూ, ఊరు ఖాళీ చెయ్యమని అధికారులు అంతకుముందే చెప్తే అప్పుడే. చీకటి పడ్డాక ఇక ఆ మాట మీద చర్చ ఉండకూడదు. ఇది కాలెండరు వెనక ఆయన చేత్తోనే రాయించండి. మీరు రాస్తే అది మీ మాట అవుతుంది. ఆయన రాస్తే ఒప్పందం.

గేదెల్ని కూడా వదలని మనిషి ఇల్లు వదలడు. వాటిని ముందురోజే మెరకలో ఎవరి దొడ్లోకైనా తోలి రావాలి. కుదరకపోతే కనీసం పలుపులు విప్పి రావాలి. కట్టుగొయ్యకి ఉన్న గొడ్డుకి ఈదే అవకాశం కూడా ఉండదు. సిలిండరు, మోటారు ఈసారి ముందే ఎవరింట్లో పెట్టాలో ఆయననే అడగండి. ఆ అవమానానికి మందు అదే. మీరిద్దరూ కలిసి ఆ సిలిండరుని ఒక డాబా ఇంటికి మోసుకెళ్లిన రోజు, పోయినసారి సంగతి సగం చల్లారుతుంది. ఇదంతా అయ్యాక కూడా ఆయన రానంటే, పిల్లల్ని తీసుకుని మీరు వెళ్లండి. వెళ్లేటప్పుడు ఏడవకండి, శపించకండి. వాళ్లిద్దరు ఇంట్లో ఉన్న సంగతి గ్రామ సచివాలయంలో చెప్పి, జిల్లా కంట్రోల్ రూము 1077కి కూడా చెప్పి వెళ్లండి. అది ఆయన మీద పితూరీ కాదు.

రాత్రిళ్లు ఫోనులో రంగుల మ్యాపుల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. మీరు రెండింటికి చూసినా నాలుగింటికి చూసినా ఆ సుడి మీ మాట వినదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాతావరణ శాఖ బులెటిన్ చూడండి, మధ్యలో యూట్యూబులో "మహా ప్రళయం" అని అరిచేవాళ్లని చూడకండి. అల్పపీడనాల్లో చాలావరకు తుపానులు కానే కావు, దారిలోనే బలహీనపడిపోతాయి. గాలి గంటకి 62 కిలోమీటర్లు దాటితేనే దానికి పేరు పెడతారు. పేరు పెట్టేదాకా మీరు నిద్రపోవచ్చు. పేరు పెట్టాక కూడా నిద్ర పట్టకపోతే, రెండు వారాలు దాటినా తగ్గకపోతే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. మీ అత్తగారి గురించి కూడా వాళ్లని అడగవచ్చు.

పాప విషయంలో పక్క తడపడం గురించి ఆ పిల్లకి ఒక్క మాట అనకండి, ఆ దుప్పటి ఆరేసేటప్పుడు వీధివైపు ఆరేయకండి. ఎనిమిదేళ్ల పిల్లకి నాన్నమ్మ అరుగు మీద ఎందుకు కూర్చుందో, అమ్మ ఫోను వెలుతురులో ఎందుకు ఏడుస్తోందో తెలుసు. ఎవరూ చెప్పకపోతే అది ఇంకా పెద్దదిగా ఊహించుకుంటుంది. దానికి ఒక పని ఇవ్వండి. ఒక సంచీ ఇచ్చి, ఊరు వదిలేటప్పుడు నీకూ తమ్ముడికీ ఏం కావాలో నువ్వే సర్దు అనండి. ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, పొలం పాస్‌బుక్, నాన్నమ్మ బీపీ మాత్రలు మీరు పాలిథిన్ కవర్లో చుడుతున్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, ముడి దాని చేత వేయించండి. సంచీలో బొమ్మలూ చింతకాయలూ పెట్టినా తీసేయకండి.

చివరగా ఒక పని. మీరు చెప్పలేదు గానీ, పోయినసారి కేంద్రంలో మీరందరూ ఎలా గడిపారో ఊహించగలను. ఒకే గదిలో డెబ్బై మంది, ఆడవాళ్లకి మరుగుదొడ్డి వీలు లేక నీళ్లు తాగడం మానేయడం. చాలామంది ఆడవాళ్లు ఇల్లు వదలనిది అందుకే, పైకి గేదెల పేరు చెప్తారు. ఈ ఆదివారం ఎండగా ఉంటే మీరూ మీ అత్తగారూ ఆ కేంద్రానికి ఊరికే ఒకసారి నడిచి వెళ్లి రండి. నీళ్ల ట్యాంకు పనిచేస్తోందా, రాత్రికి దీపం ఉందా, మరుగుదొడ్డి తలుపుకి గడియ ఉందా చూడండి. గడియ లేకపోతే సచివాలయంలో చెప్పండి. వాళ్లు పెట్టకపోతే, ఊళ్లో వడ్రంగితో మీరే ఒకటి పెట్టించండి.